పిచ్చి యనుకొన్నది మెదడువాపు

కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో పదవ తరగతి చదువుచున్న ఒక బాలిక అర్ధసంవత్సర పరీక్షలకు కొద్ది దినములు ముందు తరగతిలో లేచి నిలిచి, తన జడను ఎవరో పట్టి లాగుచున్నారని ఏడ్చెను. వెనుక బెంచీలో ఎవరును లేరు. మరునాడు తెలుగు వాచకము చేతికిచ్చి చదువుమనగా ఒకే వాక్యమును నాలుగు మారులు చదివి ఊరకుండెను. అంతకు ముందు వారమే నాలుగు పద్యములను తడబడకుండ అప్పజెప్పిన పిల్ల! మేము ఆమెను మందలించితిమి. పరీక్షల భయమని తలచితిమి. తండ్రిని పిలిపించి, ఇంటివద్ద ఫోను చూచుట తగ్గింపుడని హితవు కూడ చెప్పితిమి.

ఇంటిలోని పెద్దలు గాలి సోకినదని నిశ్చయించిరి. బిడ్డను సరిహద్దు దాటించి స్వగ్రామమునకు తీసికొనిపోయి, మొక్కులు చెల్లించి, తాయెత్తు కట్టించిరి. రెండు వారములకు పైగా అట్లు గడచిపోయెను. ఒకనాటి రాత్రి మూర్ఛ వచ్చెను. పిదప మాట పడిపోయెను, నోరు ఏదో నములుచున్నట్లు తనంత తానే కదలసాగెను. అపుడు పెద్ద ఆసుపత్రికి చేర్చిరి. అక్కడ తుదకు తేలినదేమనగా, వ్యాధి మనస్సులో లేదు, గాలిలోను లేదు. కుడి అండాశయమున నిమ్మపండంత గడ్డ యొకటి ఉండెను. దానిని తీసివేసి మందులిచ్చిన పిమ్మట బిడ్డ బ్రతికెను.

పోయిన ఆ రెండు వారములలో మా పాలు కూడ కలదు. బిడ్డలో వచ్చిన మార్పును మొట్టమొదట చూచినది మేము. చూచి కూడ పొరబడితిమి. మేము వైద్యులము కాము, లెక్కలును సామాన్యశాస్త్రమును చెప్పుకొని బ్రతుకు ఉపాధ్యాయులము. అయినను ఆనాటినుండి ఈ వ్యాధిని గూర్చి తెలిసినవారి నడిగి, చదివి, కొంత తెలిసికొంటిమి. ఈ సంచిక మన తల్లిదండ్రులందరి ఇండ్లకు చేరును గనుక, తెలిసికొన్నదానిని ఇందు వ్రాయుట మా విధియని తలచితిమి.

మెదడువాపు అనగానే మనవారికి దోమలు, పందులు, వానకాలము జ్ఞప్తికి వచ్చును. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అను అంటురోగము, వైరసువలన కలుగునది, దానికి టీకా కూడ కలదు. మేము చెప్పుచున్నది అది కాదు. ఇందులో బయటి క్రిమి మెదడుపై దాడి చేయుట లేదు. మనలను కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దారి తప్పి మన మెదడుపై పడుచున్నది. ఇట్టివానిని ఆటో ఇమ్యూన్ వ్యాధులందురు. ఇది ఒకరినుండి మరియొకరికి అంటదు. దీని పూర్తి పేరు యాంటీ ఎన్.ఎమ్.డి.ఏ. రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. పేరు నోరు తిరుగదు గాని, కాగితముపై వ్రాసి ఉంచుకొనదగినది.

ఈ వ్యాధి క్రొత్తగా పుట్టినది కాదు, క్రొత్తగా గుర్తింపబడినది. 2005వ సంవత్సరమున అమెరికాలో జోసెప్ దాల్మౌ అను నరముల వైద్యుడును ఆయన సహచరులును నలుగురు స్త్రీలను గూర్చి ప్రకటించిరి. నలుగురికిని మతి చలించినది, జ్ఞాపకము పోయినది, ఊపిరి మందగించినది. నలుగురికిని అండాశయమున ఒకే జాతి గడ్డ యుండెను. 2007లో అట్టివారు పండ్రెండుగురైరి. వారి వయస్సులు 14 మొదలు 44 వరకు. పండ్రెండుగురిలో పదునొకరికి గడ్డ అండాశయమున, ఒకరికి రొమ్ముగూటిలో. వారి రక్తములోను, వెన్నునీటిలోను మెదడు కణములను పట్టుకొను ఒక ప్రతిరక్షకము, అనగా యాంటీబాడీ, దొరకెను. 2007కు పూర్వము ఈ వ్యాధి వచ్చిన బిడ్డలు ఏ పేరు క్రింద ఏ పిచ్చాసుపత్రిలో ఉండిరో, ఎందరిని ఏ గుడి స్తంభమునకు కట్టిరో తలచుకొన్న మనస్సు కలతపడును.

అండాశయమెక్కడ, మెదడెక్కడ? ఈ రెంటికి ముడి యెట్లు పడినదని మాకును మొదట ఆశ్చర్యము కలిగెను. సంగతి ఇది. ఆ గడ్డను టెరటోమా యందురు. గ్రీకు భాషలో రాక్షసియని అర్థమిచ్చు మాటనుండి వచ్చిన పేరు. స్కానింగు కాగితములలో ఎక్కువగా డెర్మాయిడ్ సిస్ట్ అని కనబడును. అండాశయములోని బీజకణమునకు శరీరపు ఏ భాగమునైనను నిర్మింపగల శక్తి యుండును గదా. ఆ కణము వేళగాని వేళ, తోడు లేకయే, పెరుగ నారంభించినచో క్రమము తప్పిన గడ్డ యేర్పడును. దానిని కోసి చూచిన వెండ్రుకలు, క్రొవ్వు, ఒక్కొకప్పుడు పండ్లు కూడ ఉండును. అట్లే కొన్నిటిలో మెదడు పదార్థము కూడ ఉండును. 2007లో పరీక్షించిన అయిదు గడ్డలలో అయిదింటను నరముల పదార్థము కనబడెను.

మెదడు కణములపై ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకములను చిన్న తలుపులవంటివి కలవు. ఒక కణము పంపిన సందేశము రెండవ కణములోనికి పోవుటకు అవి దారి. క్రొత్త పాఠము నేర్చుట, నేర్చినది గుర్తుంచుకొనుట, మాట, నడవడి, తుదకు ఊపిరి క్రమము సైతము వీనిపై ఆధారపడి యుండును. గడ్డలోని మెదడు పదార్థముపైన కూడ ఇవే తలుపులు కలవు. ఉండరాని చోట ఉన్న ఆ వస్తువును చూచి రోగనిరోధకశక్తి దానిని శత్రువుగా నెంచి యాంటీబాడీలను తయారుచేయును. గడ్డకై పుట్టిన ఆ యాంటీబాడీలకు నిజమైన మెదడునకును గడ్డలోని మెదడునకును భేదము తెలియదు. అవి మెదడు కణములపై నున్న తలుపులను జంటలుగా పట్టి బిగింపగా, కణము వానిని లోపలికి లాగికొనును. తలుపులు తరిగిపోవును. ఇందు ఒక్క శుభవిషయము కలదు. కణము సాధారణముగా చావదు, తలుపులు మాత్రమే మాయమగును. యాంటీబాడీలు తగ్గినచో తలుపులు తిరిగి వచ్చును. ఇంత భయంకరమైన వ్యాధినుండి పిల్లలు కోలుకొనుటకు కారణమిదియే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. డెర్మాయిడ్ గడ్డ వయస్సులో నున్న స్త్రీలలో తరచుగా కనబడునదే. అందులో చాల భాగము అపాయము లేనివి. అట్టి గడ్డ యున్న వారిలో ఈ మెదడువాపు వచ్చువారు మిక్కిలి కొలదిమంది. కావున స్కానింగు కాగితముమీద ఆ మాట చూచి ఎవరును గుండె చెదరనక్కరలేదు. అట్లే, గడ్డ లేకయే ఈ వ్యాధి వచ్చుట కూడ కలదు. 2013లో 577 మంది రోగుల వివరములను సేకరించి ప్రకటించిరి. అందు నూటికి 81 మంది స్త్రీలు. గడ్డ యున్నవారు నూటికి 38 మంది మాత్రమే. వారందరును ఇంచుమించు స్త్రీలే. నూటికి 37 మంది పదునెనిమిదేండ్ల లోపు వారు. పసిపిల్లలును, మగపిల్లలును ఇందుండిరి. వారిలో గడ్డ అరుదు. హెర్పిస్ అను వైరసువలన మెదడువాపు వచ్చి తగ్గిన కొన్ని వారములకు కొందరికి ఈ రెండవ వ్యాధి తలయెత్తుట కూడ వైద్యులు చూచిరి. బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో అందరికి ముద్దుబిడ్డయైన క్నూట్ అను తెల్ల ఎలుగుబంటి 2011లో మూర్ఛవచ్చి నీటిలో పడి చనిపోగా, 2015లో దాని మెదడును పరీక్షించి ఇదే వ్యాధియని తేల్చిరి. జంతువునకు దయ్యము పట్టినదని ఎవరును అనలేదు.

గడ్డ లేకయే వ్యాధి వచ్చిన వారిలో లోకమునకు తెలిసిన పేరు సుసన్నా కహలాన్. ఈమె న్యూయార్కులో పత్రికా విలేఖరి. 2009లో, ఇరువది నాలుగేండ్ల వయస్సున, తన చుట్టునున్నవారు తనకు కీడు తలపెట్టుచున్నారని భ్రమపడసాగెను. స్కానింగులు బాగుగ నున్నవి. ఒకరు మద్యము వలన అనిరి, వేరొకరు మనోవ్యాధి యనిరి. తుదకు సొహేల్ నజార్ అను వైద్యుడు ఆమెకు కాగితమిచ్చి గడియారపు బొమ్మ గీయుమనెను. ఆమె గుండ్రము గీసి అంకెలన్నిటిని కుడి సగములోనే కుక్కెను. ఎడమ సగము వట్టిది. మెదడులోనే వాపు ఉన్నదని ఆయనకు దానితో నమ్మకము కుదిరెను. ఒక కాగితము, ఒక పెన్సిలు! ఉపాధ్యాయుల చేతిలో ఎల్లప్పుడు నుండు వస్తువులివి. ఆమె కోలుకొని 2012లో తన కథను పుస్తకముగా వ్రాసెను.

ఇక లక్షణములు. చాలమందిలో మొదట తలనొప్పి, కొలది జ్వరము, వికారము, పడిసెమనుకొని విడిచిపెట్టుదురు. కొన్ని దినములలో నిద్ర పోవును. అకారణ భయము, కోపము, లేనివి కనబడుట, వినబడుట మొదలగును. జ్ఞాపకము తప్పును. మాట ముందు వేగమగును, పిదప చెప్పినదే చెప్పుటయగును, తుదకు మూగయగును. తరువాత మూర్ఛలు, నోరు, ముఖము, చేతులు తమంత తామే కదలుట, గంటలకొలది ఒకే భంగిమలో బిగిసియుండుట. మరింత ముదిరినచో గుండెవేగము, రక్తపుపోటు క్రమము తప్పును. ఊపిరికి యంత్రము అవసరమగును. అందరికి అన్నియు రావు. కాని, అంతకు ముందు ఏ మనోవ్యాధియు లేని బిడ్డ కొలది దినములలో ఇంత మారిపోయి, దానికి జ్వరమో, మూర్ఛయో, మాట తడబాటో తోడైనచో, అది కేవల మనోవ్యాధి కాకపోవచ్చునని ఎంచి నరముల వైద్యునకు వెంటనే చూపవలెను.

ఈ మాట తడబాటు విషయమున మనవంటి వారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పుస్తకములలో ఇంగ్లీషు మాటలాడుదురు. ఆసుపత్రిలో వైద్యుడు కన్నడములోనో ఇంగ్లీషులోనో అడుగును. పిల్ల జవాబు చెప్పనిచో భాష రాక, సిగ్గుపడి ఊరకున్నదని ఆయన తలచుటకు వీలున్నది. అన్నమును తెమ్మనుటకు బదులు నీళ్లను తెమ్మన్నది, అమ్మమ్మను అత్తా యని పిలిచినది, మాట సగములో మరచినది - ఈ సంగతి తెలుగు తెలిసిన చెవికి తప్ప అంతుపట్టదు. ఆ చెవి తల్లిది. మేము చెప్పిన బాలిక విషయమున కూడ, ఇంట్లో కూడ తెలుగు మాటలే తప్పుచున్నవని తల్లి పట్టుపట్టి చెప్పిన పిమ్మటనే వైద్యులు వెన్నునీరు పరీక్షించిరని తరువాత తెలిసెను. కావున, ఏ దినమున ఏమి జరిగినది, జ్వరమెన్నడు, నిద్ర తప్పినదెన్నడు, మాట తప్పినదెన్నడు అనునది ఒక కాగితముపై తేదీలతో వ్రాసికొని పొండు. వ్రాయలేనివారు మా వద్దకు వచ్చినచో మేము కన్నడములోనో ఇంగ్లీషులోనో వ్రాసి యిత్తుము. సెల్‌ఫోనులో తీసిన చిన్న చిత్రము కూడ వైద్యునకు మిగుల పనికివచ్చును. ఫోనును గూర్చి మేము పలికిన కఠినవాక్యములను ఈ యొక్కచోట వెనుకకు తీసికొనుచున్నాము.

పరీక్షలలో ముఖ్యమైనది వెన్నునీటి పరీక్ష. నడుము వద్ద సన్నని సూదితో ఆ నీటిని తీయుదురు. ఇది తీసినచో కాళ్లు పడిపోవునని మనవారిలో గొప్ప భయము కలదు. వెన్నుపాము ముగిసిన చోటునకు క్రిందనే సూదిని గ్రుచ్చుదురు గనుక ఆ భయమునకు ఆధారము లేదు. ఒకటి రెండు దినములు తలనొప్పి ఉండవచ్చును. రక్తపరీక్ష ఒక్కటే చాలదు. 2014లో ప్రకటించిన పరిశోధనలో 250 మంది రోగులందరికిని వెన్నునీటిలో యాంటీబాడీ దొరకెను. రక్తములో మాత్రము నూటికి పదునలుగురికి దొరకలేదు. ఎమ్.ఆర్.ఐ. చిత్రము బాగుగ నున్నంత మాత్రమున వ్యాధి లేదనుటకు వీలులేదు. పైన చెప్పిన 577 మందిలో మూడింట రెండు వంతుల వారికి అది మామూలుగానే యుండెను. మెదడులోని విద్యుత్తును గీయు ఇ.ఇ.జి. పరీక్షలో మాత్రము నూటికి తొంబది మందికి తేడా కనబడెను. పొత్తికడుపు స్కానింగు కూడ తప్పక చేయింపవలెను. పెండ్లికాని పిల్లకు అండాశయపు స్కానింగు ఎందుకని వెనుదీయువారు కలరు. మూత్రాశయము నిండుగ నుండగా కడుపుమీదనే యంత్రము నుంచి చేయు పరీక్ష యది.

మన రాష్ట్రమున బెంగుళూరులో 1974లో ఏర్పడిన నిమ్హాన్సు అను జాతీయ సంస్థలో మనోవైద్యులును నరముల వైద్యులును ఒకే ఆవరణలో నున్నారు. అట్టి చోట ఈ వ్యాధి ఒకరి చూపు తప్పినను మరియొకరి చూపునకు వచ్చును. ఈ రోగులలో పెక్కుమంది మొదట మనోవైద్యుని వద్దకే పోవుదురు. అది తప్పు కాదు. పిచ్చి తగ్గుటకిచ్చు కొన్ని మందులు ఈ వ్యాధిలో శరీరమును మరింత బిగియజేయుట కలదు గనుక, వ్యాధి యేదో తేల్చుకొనుట ఆలస్యము కారాదు.

చికిత్స రెండు త్రోవల సాగును. గడ్డ యున్నచో దానిని శస్త్రచికిత్సచే తీసివేయుట మొదటిది; యాంటీబాడీలకు మూలము అదియే గనుక. రెండవది, దారి తప్పిన రోగనిరోధకశక్తిని అణచుట. ఇందుకు మెథైల్ ప్రెడ్నిసలోన్ అను స్టెరాయిడ్‌ను పెద్దలకు దినమునకు 1 గ్రాము చొప్పున మూడు మొదలు అయిదు దినములు నరములోనికి ఎక్కింతురు. దానితోబాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇత్తురు. ఇది వేలమంది దాతల రక్తమునుండి తీయునది. అందుచేతనే ఖరీదు మిక్కుటము. కిలో బరువునకు దినమునకు 0.4 గ్రాముల చొప్పున అయిదు దినములు ఇచ్చుట వాడుక. 50 కిలోల పిల్లకు దినమునకు 20 గ్రాములు, మొత్తము 100 గ్రాములగును. లెక్క చిన్నదే, బిల్లు పెద్దది. అంత శక్తిలేని చోట, ప్లాస్మా మార్పిడి చేయుట కలదు. అనగా రక్తమును యంత్రముగుండ పంపి, యాంటీబాడీలున్న ద్రవమును తీసివేసి, వేరు ద్రవముతో నింపి తిరిగి యెక్కించుట. మన దేశమున సాధారణముగా దానికి ఖర్చు తక్కువ. ఏది తగునో వైద్యులే నిర్ణయింతురు. ఖర్చు సంగతి దాచక ముందుగనే వారితో చెప్పుడు.

వీనికి లొంగనిచో రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ అను మందులను వాడుదురు. మొదటి చికిత్సతో గుణము కనబడలేదని కొందరు బిడ్డను ఇంటికి తెచ్చుకొందురు. అది కూడదు. 577 మంది వృత్తాంతములో, చికిత్స పొందినవారిలో నాలుగు వారములకు గుణము కనబడినవారు సగము మందికి కొంచెము హెచ్చు. రెండేండ్లపాటు విడువక చూచినవారిలో నూటికి 81 మంది తమ పనులు తాము చేసికొను స్థితికి వచ్చిరి. చికిత్స ఎంత త్వరగా మొదలైన అంత మేలని కూడ అందే తేలినది. చనిపోయినవారును కలరు, దాచుట యెందుకు? మరల వ్యాధి తిరుగబెట్టినవారు రెండేండ్లలో నూటికి పండ్రెండుగురు.

అండాశయమనగానే ఇండ్లలో నోటికి రాని మాట యొకటి కలదు. రేపు పెండ్లి యెట్లు? గుట్టుగా ఉంచవలెనను ఆతురతలో ఎందరో తల్లులు శస్త్రచికిత్సను వాయిదా వేయింతురు. గడ్డను మాత్రమే తీసి అండాశయమును నిలుపుట పెక్కు సందర్భములలో సాధ్యమే. ఒక అండాశయమును పూర్తిగా తీసివేసినను, రెండవది బాగుగ నున్నచో ఋతుక్రమమునకును సంతానమునకును సాధారణముగా అది చాలును. మొక్కుల విషయమున మాకు విరోధము లేదు. మా ఇంటిలోను మ్రొక్కుదుము. ముడుపు కట్టుటకు రెండు నిముషములు చాలును. కట్టి, ఆ చేతితోనే ఆసుపత్రి త్రోవ పట్టుడు.

ఆసుపత్రినుండి వచ్చుటతో పని ముగియదు. ఈ వ్యాధి వచ్చినట్లు వేగముగా పోదు. చివర పోయినవి మొదట, మొదట పోయినవి చివర తిరిగివచ్చును. ఊపిరి, కదలిక ముందు కుదురుకొనును. నడవడి, జ్ఞాపకము, ఏకాగ్రత నెలల తరబడి, ఒక్కొకప్పుడు ఏడాదికి పైగా పట్టును. వ్యాధి కాలములో జరిగినది చాలమందికి గుర్తే యుండదు. బిడ్డ మనిషిగా బాగుగ కనబడుచు చదువులో మాత్రము వెనుకబడుచుండగా సోమరితనమని తిట్టుట మన ఇండ్లలోను, మా తరగతులలోను సులభముగా జరుగు తప్పు.

మేము చెప్పిన బాలిక ఆ సంవత్సరము పరీక్షలకు కూర్చుండలేదు. మరుసటి సంవత్సరము జూన్ నెలలో తల్లి వెంటబెట్టుకొని తెచ్చెను. మొదటి మూడు నెలలు ప్రొద్దుట రెండు గంటలు మాత్రమే రమ్మంటిమి. ఎక్కములు పూర్తిగా గుర్తుండెను; ముందునాడు చెప్పిన పాఠము మాత్రము నిలువకుండెను. అందుచే ప్రతి పాఠమును చిన్న కాగితములపై తానే వ్రాసికొని గోడకు అంటించుకొనెను. సహపాఠులలో ఒకతె, ఆమెకు పిచ్చియట గదా, అని అడుగగా, మేము నల్లబల్లపై మెదడు బొమ్మను గీసి, ఆ చిన్న తలుపుల సంగతిని తరగతికంతకు చెప్పితిమి. ఆ దినము నల్లబల్లను తుడిచినది ఆ బాలికయే. ఆ పిమ్మట వచ్చిన మార్చిలో ఆమె పరీక్ష వ్రాసెను.